ముగ్గురు సంతకం పెడితే చాలు

కొన్ని చట్టాలను పనితనం కోసం చదవాలి. నాకు అలాంటిది అమెరికా 1974 ట్రేడ్ యాక్ట్‌లోని ఒక అధ్యాయం. విదేశీ సరుకు దెబ్బకు పని పోయిన కార్మికులకు ప్రభుత్వం ఏం చేయాలో అందులో ఉంది. ఆ పథకం పేరు ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, క్లుప్తంగా టీఏఏ.

ఆలోచన అంతకంటే పాతది. సుంకాలు తగ్గితే లాభం దేశమంతటికీ పంచుకుపోతుంది, నష్టం మాత్రం కొన్ని ఊళ్ల నెత్తిన పడుతుంది. కాబట్టి బాగుపడ్డ దేశమే ఆ నష్టం భరించాలని 1950లలోనే ఉక్కు కార్మికుల సంఘం అధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ వాదించాడు. 1962లో అధ్యక్షుడు కెనడీ దాన్ని చట్టంలోకి తెచ్చాడు. కానీ 1969 దాకా ఒక్క కార్మిక బృందానికి కూడా సాయం మంజూరు కాలేదు. ఖజానాలో డబ్బు లేక కాదు, చట్టంలోని షరతు అలా ఉంది. దిగుమతులు పెరగడానికి ప్రధాన కారణం సుంకం తగ్గింపేనని రుజువు కావాలి. ఆపైన, ఉద్యోగం పోవడానికి ప్రధాన కారణం ఆ దిగుమతులేనని కూడా తేలాలి. ఒక మిల్లు మూతపడటానికి పది కారణాలుంటాయి. అందులో ఇదే పెద్దదని ఎవరు తేల్చగలరు?

1974లో ఆ చట్టాన్ని తిరగరాసినవాళ్ల నేర్పు ఇక్కడే కనిపిస్తుంది. సుంకం ముడిని పూర్తిగా తీసేశారు. ఉద్యోగాలు పోవడంలో దిగుమతుల పాత్ర ముఖ్యమైనదైతే చాలన్నారు. ముఖ్యమైనదంటే ఏమిటో కూడా రాసిపెట్టారు: కారణం ముఖ్యమైనదై ఉండాలి, మిగతా కారణాలకంటే పెద్దదై ఉండనక్కర్లేదు. అంతే, ఒక్క వాక్యం. పన్నెండేళ్లుగా బిగుసుకుపోయిన తలుపు దాంతో తెరుచుకుంది. చట్టం రాయడంలో ఇంత పొదుపు నేను ఎక్కువ చోట్ల చూడలేదు.

దరఖాస్తు పద్ధతి కూడా అలాగే ఉండేది. ఒకే చోట పనిచేసిన ముగ్గురు కార్మికులు సంతకాలు పెడితే సరిపోయేది. యూనియన్ ఉండాలన్న నియమం లేదు, యజమాని ఒప్పుకోవాలన్న షరతు అసలే లేదు. దిగుమతుల లెక్కలు ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ దగ్గర కూర్చున్నావిడకు ఎక్కణ్నుంచి వస్తాయి? అవి తేవడం కార్మిక శాఖ పని. అక్కడి పరిశోధకుడు కంపెనీకి ప్రశ్నావళి పంపేవాడు. అవసరమైతే ఆ కంపెనీ దగ్గర సరుకు కొనేవాళ్లను కూడా అడిగేవాడు: మీరు వీళ్ల దగ్గర కొనడం తగ్గించి విదేశీ సరుకు కొనడం పెంచారా? సమాచారం ఇవ్వకపోతే సమన్లు జారీచేసే అధికారం కూడా ఉండేది. 2002 సవరణ ప్రకారం నిర్ణయానికి గడువు 40 రోజులు. నిరాకరిస్తే పునఃపరిశీలన కోరే వీలు, అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానానికి వెళ్లే వీలు ఉండేవి.

నిర్ణయం అనుకూలంగా వస్తే, అంటే ధ్రువీకరణ దొరికితే, శిక్షణ, భృతి ఆ యూనిట్‌లో పని పోయినవాళ్లందరికీ వర్తించేవి, సంతకం పెట్టనివాళ్లకు కూడా. దరఖాస్తుకు ముందు ఏడాది దాకా పని పోయినవాళ్లూ, ధ్రువీకరణ తర్వాత రెండేళ్లలో పోయేవాళ్లూ ఇందులోకి వచ్చేవారు.

ఈ సాయం ఎలాంటివాళ్లకు అవసరమో ఒక ఉదాహరణ: 2003 జూలైలో పిల్లోటెక్స్ అనే తువ్వాళ్ల, దుప్పట్ల కంపెనీ మూతపడింది. ఒక్కసారిగా 6,450 మంది వీధిన పడ్డారు. అందులో ఎక్కువమంది నార్త్ కరోలినాలోని కన్నాపొలిస్ చుట్టుపక్కలవాళ్లు. చిన్నప్పుడే మిల్లులో చేరి హైస్కూలు పూర్తిచేయనివాళ్లు చాలామంది. వాళ్లకు నేరుగా కంప్యూటర్ కోర్సు చెబితే ఏం ఉపయోగం? ఇలాంటివాళ్ల కోసమే చదవడం, లెక్కలు చేయడం నేర్పే చదువును కూడా చట్టం శిక్షణగానే గుర్తించింది. ఆ చదువు అవసరమైనవాళ్లకు 2002 సవరణ అదనంగా 26 వారాల భృతి ఇచ్చింది. యాభై దాటినవాళ్లు తక్కువ జీతానికి మరో పనిలో చేరితే, పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం రెండేళ్లపాటు ప్రభుత్వమే ఇచ్చే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. యాభై ఏళ్ల మనిషిని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు రాసిన నిబంధన అది.

2009లో సేవారంగాన్నీ చేర్చారు. దాంతో పని మన దేశానికి తరలిపోయి ఉద్యోగం పోగొట్టుకున్న అమెరికన్ ఐటీ ఉద్యోగికి కూడా దారి దొరికింది. హైదరాబాదులో మనం పొందిన దానికి అటువైపు ఎవరు మూల్యం చెల్లించారో ఆ దరఖాస్తుల ఫైళ్లు చదివితే తెలుస్తుంది.

అందరికీ మంచి ఉద్యోగాలు దొరకలేదు. శిక్షణ ఫలితాల మీద అధ్యయనాలు ఒకదానికొకటి పొసగవు. అన్నిటికంటే పెద్ద లోపం, ఈ చట్టానికి గడువు తేదీ ఉండటం. కాంగ్రెస్ పొడిగించకపోవడంతో 2022 జూలై 1 నుంచి కొత్త ధ్రువీకరణలు ఆగిపోయాయి. ఇంత బాగా చేసిన పనిని అలా వదిలేయడం అన్యాయం.

మన దగ్గర రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగం నుంచి తొలగింపు) పరిహారం అంటే ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం. మూతపడ్డ బట్టల మిల్లుల కార్మికులకోసం 1986లో ఒక పునరావాస నిధి పెట్టి, మొదటి ఏడు జీతంలో 75 శాతం, రెండో ఏడు 50, మూడో ఏడు 25 శాతం ఇచ్చారు. అది మిల్లు మూతకు సంబంధించింది, విదేశీ వాణిజ్యానికి కాదు. 2025 ఆగస్టులో మన చాలా సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, గోదావరి జిల్లాల రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లు ముగ్గురు కలిసి సంతకం పెట్టి ఇవ్వడానికి ఒక ఫారం కూడా లేదు. ఆ ఫారం రాయించే పని మన కార్మిక శాఖలు ఇప్పుడే మొదలుపెట్టాలి. నమూనా కావాలంటే 1974 చట్టం ఎదురుగానే ఉంది.