ఫోనులోని పాటల జాబితా: ఒక విమర్శ

కాసెట్టు వాడుకలో ఉన్న రోజులలో పాటల జాబితా అంటే కాగితం మీద వ్రాసుకొన్న జాబితాయే. మా ఎలమంచిలి వంటి చిన్న పట్టణాలలో పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణాలు ఉండేవి. కావలసిన పాటల పేర్లు వరుసగా వ్రాసి, ఒక ఖాళీ కాసెట్టుతో సహా ఇచ్చి వస్తే, రెండు రోజులలో అవే పాటలు అదే వరుసలో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల కాసెట్టుకు ఒక్కొక్క వైపున ముప్పయి నిమిషాలు. అందులో ఏడెనిమిది పాటలు పట్టేవి. చివరి పాట చరణం మధ్యలోనే టేపు అయిపోవటం కూడా మామూలే. అయినా ఆ పద్ధతిలో ఒక గుణం ఉన్నది. కాసెట్టు ఎవరి చేతికి పోయినా పాటలూ, వాటి వరుసా కలిసే పోయేవి. రెండింటినీ విడదీయటం సాధ్యం కాదు.

నేటి ఆండ్రాయిడ్ ఫోనులో ప్లేలిస్టు అని పిలిచే పాటల జాబితాలో ఈ రెండూ విడిపోయినవి. పాట ఒకచోట ఉంటుంది, వరుస మరొకచోట ఉంటుంది. దీనివలన లాభం లేకపోలేదు. ఒకే పాటను పది జాబితాలలో చేర్చవచ్చును. వరుస మార్చటానికి టేపును చెరిపి మళ్ళీ ఎక్కించనక్కరలేదు. అయితే నష్టం కూడా ఉన్నది. అది ఏపాటిదో మా ఊరి ఉన్నత పాఠశాలలో జరిగిన ఒక చిన్న ఉదంతం వలన నాకు తెలిసివచ్చినది.

అక్కడ పనిచేసిన తెలుగు ఉపాధ్యాయులొకరు అలంకారాలను సినిమా పాటలతో చెప్పేవారు. అందుకు ఆయన ముఖ్యంగా ఎన్నుకొన్నవి సిరివెన్నెల సీతారామశాస్త్రిగారి పాటలు. శాస్త్రిగారి బాల్యం మా పొరుగున ఉన్న అనకాపల్లిలోనే గడచినది కనుక పిల్లలకు ఆ పేరు మీద కొంత అభిమానం కూడా ఉన్నది. మాస్టారు తమ ఫోనులో నలభై పాటలు ఏర్చి ఒక జాబితా కూర్చారు. మొదట ఉపమ స్పష్టంగా తెలిసే పాటలు, తరువాత ఉత్ప్రేక్ష, ఆ పైన రూపకం. తేలిక నుంచి కష్టానికి పోయే ఆ వరుసే ఆయన పాఠం. పదవీ విరమణ చేసిన రోజున ఫోనులోని మెమరీ కార్డు తీసి బడికి ఇచ్చి వెళ్ళారు.

ఆగస్టు 29న జరిగే తెలుగు భాషా దినోత్సవానికి ఆ పాటలు వినిపించాలని పిల్లలు సంకల్పించారు. బడిలో ఉన్న కొత్త ఫోనుకు కార్డు పెట్టే చోటు లేదు. ఒక కుర్రవాడు కార్డులోని ఫైళ్ళన్నిటినీ ఫోను లోపలి మెమరీకి ఎక్కించాడు. పాటలు వచ్చినవి గాని, వరుస పోయినది. ఇంగ్లీషు అక్షరక్రమంలో వచ్చి నిలబడినవి. జాబితా ఫైలు కూడా కార్డులోనే ఉన్నదని ఒక అమ్మాయి కనిపెట్టినది. దానిని తెరిస్తే నలభై పేర్లూ మాస్టారి వరుసలోనే కనిపించినవి. ఒక్కటి కూడా పాడలేదు!

పాటలు ఉన్నవి, జాబితా ఉన్నది, పాట మాత్రం రాదు. ఇది ఎట్లా జరుగుతుంది?

జాబితాలో పాట ఉండదు; పాట ఉండే చోటు మాత్రమే ఉంటుంది. సాధారణంగా ఇట్టి జాబితాలను 'ఎమ్ త్రీ యూ' అనే రకపు ఫైలులో దాచుతారు. అది కేవలం అక్షరాల ఫైలు. పంక్తికి ఒక చిరునామా చొప్పున ఉంటుంది: ఫలానా కార్డులో, ఫలానా ఫోల్డరులో, ఫలానా పేరుగల ఫైలు అని. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో చేసిన నాలుగు నిమిషాల ఎమ్పీత్రీ పాట సుమారు 38 లక్షల బైట్లు ఆక్రమిస్తుంది. దాని చిరునామాకు ఎనభై బైట్లు చాలును. నలభై పాటలు పదిహేను కోట్ల బైట్లకు పైన ఉంటే, వాటి జాబితా మూడువేల పైచిలుకు బైట్లు మాత్రమే. పిల్లలు పాటలను కార్డు నుంచి ఫోనులోకి మార్చగానే నలభై ఇళ్ళూ ఒక్కసారిగా వీధి మారినట్లయినది. జాబితా మాత్రం పాత వీధికే వెళ్ళి తలుపు తడుతున్నది.

ఇందులో తప్పు ఎవరిది? కుర్రవాడిది కాదు. చిరునామా వ్రాయటానికి రెండు పద్ధతులు ఉన్నవి. ఒకటి పూర్తి చిరునామా: కార్డు గుర్తుసంఖ్య మొదలుకొని ఫైలు పేరు దాకా అంతా వ్రాయటం. రెండవది సాపేక్షమైన చిరునామా: 'ఈ జాబితా ఏ ఫోల్డరులో ఉన్నదో అక్కడే ఈ పాట ఉన్నది' అని ఫైలు పేరు మాత్రం వ్రాయటం. పొరుగింటివాడి చిరునామా చెప్పవలసివస్తే 'మా పక్క ఇల్లు' అంటాము గదా! రెండవ పద్ధతిలో వ్రాసిన జాబితా, పాటలతోపాటు ఒకే ఫోల్డరులో ఉన్నంతవరకు ఎక్కడికి తీసుకొనిపోయినా పాడుతుంది. మాస్టారు వాడిన యాప్ మొదటి పద్ధతిలో వ్రాసినది. వ్రాసేముందు ఆయనను అడగలేదు, వ్రాసిన తరువాత చెప్పనూ లేదు. పాడలేకపోయినప్పుడు కూడా 'చిరునామా మారినది' అని చెప్పక ఊరుకున్నది. నా దృష్టిలో అసలు దోషం ఈ మౌనమే.

ఆండ్రాయిడ్ కూడా ఈ విషయంలో నిర్దోషి అని చెప్పలేము. ఫోనులోని పాటలన్నిటికీ ఆ వ్యవస్థ ఒక ఉమ్మడి సూచికను తయారుచేసి ఉంచుతుంది. ఏ యాప్ అయినా దానిని చూడవచ్చును. అందులో ప్లేలిస్టులకు కూడా ఒక పట్టిక ఉండేది. ఒక యాప్‌లో కూర్చిన జాబితా మరొక యాప్‌లో కనిపించటానికి అదే ఆధారం. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12తో ఆ పట్టికకు కాలం చెల్లినదని ప్రకటించారు. పాతవాటి కోసం దానిని అట్లాగే ఉంచినా, ఇక మెరుగులు దిద్దబోమన్నారు. అందుచేత యాప్‌లు తమ జాబితాలను తమ సొంత అరలలో దాచుకొనే పద్ధతి బలపడినది. యాప్‌ను తీసివేస్తే అర కూడా పోవచ్చును.

ఇంతవరకు చెప్పినది ఏ భాష పాటకైనా వర్తిస్తుంది. తెలుగు పాటకు ప్రత్యేకమైన కష్టం మరొకటి ఉన్నది. అది వెతకటంలో వస్తుంది.

పాటలు పాడనప్పుడు పిల్లలు మొదట చేసిన పని, మరొక యాప్‌లో 'సిరివెన్నెల' అని వెతకటం. వచ్చినవి 'సిరివెన్నెల' సినిమా పాటలు! 1986లో విశ్వనాథ్‌గారు తీసిన ఆ చిత్రంతోనే చెంబోలు సీతారామశాస్త్రిగారికి ఆ పేరు ఇంటిపేరైనది. తరువాత ఆయన ఎన్నో చిత్రాలకు వ్రాసిన పాటలు మాత్రం ఆ వెతుకులాటలో చిక్కలేదు. శ్రీశ్రీ పాటల కోసం వెతికితే దేవతల పేర్లకు ముందున్న 'శ్రీ శ్రీ శ్రీ'లన్నీ వచ్చిపడినవి. విశాఖపట్నంలో పుట్టిన మహాకవికి ఇట్టి గతి పడుతుందని ఎవరు అనుకొన్నారు?

కారణం ఏమిటంటే, పాట ఫైలులో పాటతోపాటు దాని వివరాలు వ్రాసే గడులు కొన్ని ఉంటవి. వాటికి టాగులని పేరు. 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఎమ్పీత్రీ ఫైలు చివర 128 బైట్లు చేర్చి ఈ ఏర్పాటు చేశాడు. పాట పేరుకు ముప్పయి బైట్లు, కళాకారుడికి ముప్పయి, ఆల్బముకు ముప్పయి, సంవత్సరానికి నాలుగు. రచయితకు గడి లేదు. ఆయన మనసులో ఉన్నది గాయకుడి పేరు చెప్పి పాటలు కొనే సమాజం. మనకు ఒక సినిమా పాట అంటే చిత్రం, రచయిత, సంగీత దర్శకుడు, గాయనీ గాయకులు, తరచుగా నటుడు కూడా! వీరందరినీ ఒకే 'కళాకారుడు' అనే గడిలో ఎవరికి తోచినట్లు వారు ఇరికించారు. ఒక ఫైలులో బాలసుబ్రహ్మణ్యం, మరొకదానిలో మహదేవన్, ఇంకొకదానిలో పాట దింపుకొన్న దుకాణం పేరు.

ఆ గడి తెలుగుకు ఎంత ఇరుకో లెక్క వేసి చూడవచ్చును. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా మూడేసి బైట్లు పడతవి. 'ఎలమంచిలి' అని వ్రాస్తే ఎనిమిది గుర్తులు, 24 బైట్లు, గడిలో పడుతుంది. 'సిరివెన్నెల' అని వ్రాస్తే పదకొండు గుర్తులు, 33 బైట్లు. ముప్పయి బైట్ల గడిలో పట్టదు! విద్యార్థులు తమ తమ పేర్లతో ఈ లెక్క వేసి చూడవచ్చును.

1998లో వచ్చిన రెండవ తరపు టాగులో ఈ ఇరుకు తీరినది. తెలుగు లిపికీ చోటు దొరికినది, గీత రచయితకు ప్రత్యేకంగా ఒక గడి కూడా ఏర్పడినది. కాని గడి ఉండగానే సరా? అందులో వ్రాసేవారు తక్కువ, వ్రాసినా దానిని తెరమీద చూపే యాప్‌లు మరీ తక్కువ. ఫోను తెరిస్తే కనిపించే విభాగాలు పాటలు, కళాకారులు, ఆల్బములు, ఫోల్డర్లు. రచయితలు అనే విభాగం నేను చూసిన యాప్‌లలో లేదు.

ఇంగ్లీషు లిపిలో వ్రాసిన పేర్ల సంగతి ఇక చెప్పనక్కరలేదు. పి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాలను పాట అనవచ్చును, పాత అనవచ్చును, పట అని కూడా చదవవచ్చును. 'పాత పాట' అనే మాటను ఫోను ఒకే మాట రెండుసార్లు వ్రాసినట్లు చూస్తుంది. మా ఊరి పేరునే ఇంగ్లీషులో కొందరు ఇ అక్షరంతో, కొందరు వై అక్షరంతో మొదలుపెడతారు. రైలు స్టేషను సంకేతం మాత్రం వై.ఎల్.ఎమ్. ఊరికే ఇంత తికమక ఉన్నప్పుడు పాటకు ఉండదా?

అయితే అసలు ఫోనులో పాటలు దాచుకోవటం ఎందుకు, ఇంటర్నెట్ ద్వారా వినిపించే సంస్థలు ఉన్నవి గదా అని పాఠకులు అడగవచ్చును. నిజమే. వాటిలో పాటలు అపారం, సూచనలు బాగుంటవి, చిరునామా మారే బాధ మనకు కనిపించదు. కాని అక్కడ పాటతోపాటు జాబితా కూడా మనది కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 డిసెంబరులో మూతపడినది. జాబితాలను యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకొనటానికి 2021 ఫిబ్రవరి వరకు గడువు ఇచ్చారు. ఎయిర్‌టెల్ వారి వింక్ మ్యూజిక్ 2024లో ఆగిపోయినది. ఇట్టి యాప్‌లలో 'డౌన్లోడ్' చేసిన పాటలు కూడా తాళం వేసిన పెట్టెలోనివి. చందా ఆగితే పెట్టె తెరుచుకోదు. ఆ పాటలను మన ఎమ్ త్రీ యూ జాబితాలో చేర్చటం వీలుకాదు. వినటానికి అవి మంచివే. ఏళ్ళ తరబడి ఉండవలసిన పాఠాన్ని వాటికి అప్పగించటం నాకు సమ్మతం కాదు.

జాబితా కూర్చుకొనే ఉపాధ్యాయులు ఒక్క పని చేస్తే చాలావరకు రక్షణ ఉంటుంది. పాటలన్నిటినీ ఒకే ఫోల్డరులో ఉంచి, ఫైళ్ళ పేర్లకు ముందు 01, 02 అని వరుస సంఖ్యలు వ్రాయాలి. ఒకటికి ముందు సున్న తప్పక ఉండాలి. లేకపోతే కొన్ని యాప్‌లలో ఒకటి తరువాత పది వస్తుంది. అప్పుడు జాబితా ఫైలు పోయినా వరుస పేర్లలోనే మిగులుతుంది. ఇది ఒక విధంగా మళ్ళీ కాసెట్టు పద్ధతే. ఒకే పాట రెండు జాబితాలలో కావాలంటే రెండుసార్లు దాచవలసివస్తుంది. నాలుగు నిమిషాల పాటకు నలభై లక్షల బైట్లు నేటి ఫోనులో పెద్ద ఖర్చు కాదు.

బడి పిల్లలు ఇంకొక మార్గం పట్టారు. మాస్టారి జాబితా ఫైలును మామూలు అక్షరాల ఫైలుగా తెరిచి, ప్రతి పంక్తిలోను ఫైలు పేరుకు ముందున్న చిరునామా అంతా చెరిపివేశారు. వెతికి మార్చే సదుపాయం ఉన్నది కనుక పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఫైలును పాటల ఫోల్డరులోనే పెట్టి తెరిచారు. ముప్పయితొమ్మిది పాటలు మాస్టారి వరుసలో పాడినవి.

ఇరవైమూడవది పాడలేదు. ఆ పంక్తిలో ఉన్న పేరు ఎ.యు.డి. అనే అక్షరాలు, ఒక తేదీ, డబ్ల్యు.ఎ., ఒక సంఖ్య. వాట్సాప్‌లో వచ్చిన పాటలకు ఫోనులో పడే పేరు ఇది. ఎవరో పంపిన పాటను మాస్టారు నేరుగా జాబితాలో చేర్చుకొన్నారు. అసలు ఫైలు కార్డులో లేదు, పాత ఫోనులోనే ఉండిపోయినది. ఆ ఫోను ఎప్పుడో పాడైపోయినది. పాటను పాటగా గాక డాక్యుమెంటుగా పంపితే అసలు పేరు నిలిచి ఉండేది.

పిల్లలు మాస్టారికి ఫోను చేసి అడిగారు. ఏ పాటో ఆయనకూ వెంటనే జ్ఞాపకం రాలేదు. ఇరవైరెండవ పాటా, ఇరవైనాలుగవ పాటా ఒకదాని తరువాత ఒకటి వినిపించమన్నారు. రెండూ విని, ఆ మధ్య ఏది ఉండాలో చెప్పారు.