డైటు మందు

మా బావమరిదికి షుగరు వచ్చి మూడేళ్లయింది. కాఫీలో పంచదార మానేశాడు. పెళ్లిభోజనాల్లో జాంగ్రీ పళ్లెం కనిపిస్తే చాలు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆ నిగ్రహం చూసి ముచ్చటపడేవాణ్ణి. మొన్న ఆదివారం మా ఆవిడతో వాళ్లింటికి వెళితే, గ్లాసులో 60 మిల్లీలీటర్ల రమ్ము పోసి, దాని నెత్తిన డైట్ కోలా వంపి, "ఇందులో చక్కెర లేదు బావా! డైటు!" అన్నాడు, తీర్థం ఇస్తున్నంత నిష్ఠగా.

పుచ్చుకున్నాను. పుచ్చుకున్నాను కనక విమర్శించే హక్కు కూడా వచ్చింది.

ముందు రుచి సంగతి. రమ్ము చెరకు బిడ్డ. పానీయంలో చక్కెర చేసే పని తీపి ఒక్కటే కాదు. కాస్త చిక్కదనం, నాలుక మీద నిలిచే గుణం ఇస్తుంది. కృత్రిమ తీపికి ఆ ఒళ్లు లేదు. గుటక నీళ్లలా జారిపోతుంది, తీపి మాత్రం విందు ముగిశాక వచ్చిన చుట్టంలా ఆలస్యంగా వచ్చి ఎంతకీ కదలదు. 1806లో అమెరికాలోని హడ్సన్ అనే ఊరి పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెబుతూ మద్యం, చక్కెర, నీళ్లు, చేదు ద్రావకం అని నాలుగు సరుకులు లెక్కపెట్టింది. ఆ లెక్కన మావాడు ఇచ్చింది పోపు లేని చారు.

సరే, రుచి ఎవరిష్టం వారిది. 300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర, అంటే 120 కేలరీల పైమాటే. డైటుతో అవి తప్పాయి, ఒప్పుకున్నాను. మరి రమ్ము మాటో? ఆల్కహాలు గ్రాముకు 7 కేలరీలు. పెద్ద పెగ్గులో దాదాపు 20 గ్రాములుంటుంది. ఆ 140ని ఎవరూ తియ్యలేదు.

"సగం మిగిలినట్టే కదా బావా!" అన్నాడు.

అదీ నిజమే. గొడవ కేలరీలతోనే అయితే నేను కలం పట్టేవాణ్ణే కాదు. చక్కెర ఉంటే కడుపు మందుని నిదానంగా పేగుల్లోకి వదులుతుంది. లేకపోతే గబగబా తోసేస్తుంది. ఆస్ట్రేలియాలో ఎడిలైడ్ పరిశోధకులు 8 మంది మగవాళ్లకి ఒకే మోతాదు వోడ్కాని ఒకరోజు చక్కెర పానీయంలో, మరోరోజు కృత్రిమ తీపి పానీయంలో ఇచ్చి చూసి, 2006లో ఫలితాలు ప్రకటించారు. సగం పానీయం కడుపు దాటడానికి చక్కెరతో 36 నిమిషాలు, డైటుతో 21 నిమిషాలు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు మొదటిదానితో 34 మిల్లీగ్రాముల దాకా పోతే, రెండోదానితో 53 దాకా పోయింది. అక్కడ మామూలుగా బండి నడిపేవాడికి గీసిన గీత 50. మన చట్టంలో 30 కనక మనకి రెండూ గీత అవతలే.

నన్ను అంతకన్నా భయపెట్టింది అమెరికాలో కెంటకీ వాళ్లు 2013లో అచ్చువేసిన ప్రయోగం. 16 మంది తాగారు. డైటుతో తాగినప్పుడు ఊపిరిలో ఆల్కహాలు 18 శాతం ఎక్కువ తేలింది. ఒంటి చురుకు తగ్గింది. కాని నిషా ఎక్కువైనట్టు వాళ్లకి తోచనే లేదు!

సోడాలో మాత్రం చక్కెర ఉందా అని అడుగుతారు. లేదు. అయితే సోడా తియ్యగా మాట్లాడదు. మందు మంట మందుదే, గొంతు దిగేటప్పుడే తన సంగతి తాను చెప్పుకుంటుంది. ఈ డైటు ఆ మంటని కప్పేస్తుంది, పైగా పథ్యం అని పేరు పెట్టుకుంటుంది. షుగరుకి ఇన్సులిన్, కొన్నిరకాల మాత్రలు వాడేవాళ్లకి మందు వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కూడా. ఆ సంగతి సీసా మీది డైటు అనే మాటకి పట్టదు.

తొమ్మిదింటికి లేచాం. "కార్లో దింపేస్తాను బావా," అంటూ తాళాలు తీశాడు.

"వద్దోయ్."

"ఒక్కటే కదా! అదీ డైటు!"

వాళ్లావిడ మాటా పలుకూ లేకుండా తాళాలు లాక్కుని పోపులడబ్బాలో పడేసి మూత పెట్టింది. ఆటోవాడు 200 అడిగాడు. ఎన్నడూ లేనిది, బేరమాడకుండా ఎక్కాను.