హోసూరు, కృష్ణగిరి ఇళ్లలో బొమ్మల అక్షరమాల

బొమ్మల అక్షరమాలను విమర్శకు తగిన రచనగా మన సాహిత్య పత్రికలు సాధారణంగా లెక్కించవు. పుటకు రెండేసి అక్షరాలు, ఒక్కొక్క అక్షరానికి ఒక బొమ్మ, కింద ఒక మాట, ఇంతే గదా అని పక్కన పెడతాం. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగును ఇంటిభాషగా నిలుపుకున్న ఎన్నో కుటుంబాల్లో, పంచాంగమూ పెళ్లిపత్రికలూ పోగా, చేతికందే తెలుగు అచ్చుపుస్తకం ఇదొక్కటే. బడి చేయవలసిన పని ఇక్కడ ఈ చిన్న పుస్తకం మీద పడింది. అందువల్ల దీన్ని కొంచెం కఠినంగానే పరీక్షించాలని మేము భావిస్తున్నాం.

పూర్వరంగం క్లుప్తంగా చెబుతాం. చాలాకాలం సేలం జిల్లాలో భాగంగా ఉన్న ఈ సీమ, 1956లో భాషల ప్రాతిపదికపై రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఆ నిబంధన ఏటా ఒక్కో తరగతి పైకి జరిగి 2016 నాటికి పదో తరగతి పరీక్షను చేరింది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు న్యాయస్థానాలు ఇచ్చిన మినహాయింపుల కథ వేరు, దాన్ని ఇక్కడ ఎత్తుకోం. తమిళం నేర్వడాన్ని తప్పుపట్టడమూ మా ఉద్దేశం కాదు. మాకు కావలసిన విషయం ఒకటే: ఇక్కడి తెలుగు బిడ్డల్లో చాలామందికి మొదట పట్టుబడే లిపి తమిళం, తెలుగు లిపి ఆ తరువాతిది. అంగట్లో దొరికే అక్షరమాలలు ఈ బిడ్డను మనసులో పెట్టుకుని తయారైనవి కావు.

ఈ పుస్తకం పనిచేసే తీరు చూడండి. బిడ్డ బొమ్మను చూస్తుంది. చూడగానే ఒక మాట నోటికొస్తుంది. ఆ మాట మొదటి ధ్వనిని పక్కనున్న గుర్తుతో ముడిపెట్టుకుంటుంది. బొమ్మ మాటను పలికించాలి, మాట ధ్వనిని ఇవ్వాలి. ఈ రెండు మెట్లలో ఏది విరిగినా మిగిలేది వట్టి బట్టీయం. 1658లో నూరెంబర్గులో వెలువడిన కొమీనియస్ లాటిన్-జర్మన్ బొమ్మల పుస్తకం ఈ చిక్కును ముందే గ్రహించింది. అందులో అక్షరాల పక్కన ప్రాణుల కూతలు ఉంటాయి; కాకి అరుపు, గొర్రెపిల్ల అరుపు. వాటి పేర్లు భాషకొకటి కావచ్చు, చెవినబడే ధ్వని మాత్రం ఒకటే.

మన 'ఏ' పుట తీసుకుందాం. దాదాపు అన్ని పుస్తకాల్లోనూ అక్కడ నిలబడేది ఏనుగే. హోసూరులో ఈ బొమ్మకు మూడు పేర్లు: తెలుగింట ఏనుగు, తమిళ బడిలో యానై, కన్నడం మాట్లాడే పొరుగింట ఆనె. కన్నడ అక్షరమాలలో 'ఆ' పక్కన ఉండేదీ ఇదే జంతువు. పైగా తెలుగు నోట అది 'యేనుగు'. పదాదిన ఎ, ఏలకు యకారమూ, ఒ, ఓలకు వకారమూ తోడు రావడం తెలుగులో అంతటా ఉన్నదే. పాత రాతల్లో 'యేనుగు', 'వొక' వంటి రూపాలు కనిపించేది అందుకే. తెలుగు రాష్ట్రాల్లో పలుకుకూ రాతకూ ఉన్న ఈ తేడాను బడి సర్దిపెడుతుంది. ఇక్కడ సర్దేవారు లేరు. డెంకణికోట దగ్గర ఒక ఇంట ఈ బొమ్మ చూపితే, ఒకటో తరగతి చదివే పాప 'యేనుగు' అని ఠక్కున చెప్పింది. మొదటి అక్షరం ఏదమ్మా అంటే పలక మీద తమిళ యకారం రాసి చూపింది. తాను విన్నదాన్ని బట్టి ఆ పాప రాసింది సరైనదే.

అచ్చుల్లో మిగిలినవీ ఇలాగే పరీక్షించవచ్చు. 'ఊ'కు ఊయల అంటారు. నోటి మాట ఉయ్యాల, అంటే హ్రస్వం. 'ఔ'కు మందుసీసా వేసి ఔషధం అంటారు. బిడ్డ 'మందు' అంటుంది. 'ఋ'కు గడ్డం పెంచిన రుషిని వేస్తే 'సామి' అంటుంది. అన్నీ తప్పులేనా అంటే కాదు. కొన్ని పుస్తకాల్లో సున్నకు 'అంగడి' ఉంటుంది. కోస్తాలో కొట్టు, తెలంగాణలో దుకాణం అనే బిడ్డకు ఇది పుస్తకపు మాట. రాయలసీమ బిడ్డకూ హోసూరు బిడ్డకూ రోజూ వాడే మాట.

ఒంటె విషయంలో మేము తొందరపడ్డాం. హోసూరులో ఒంటె ఎక్కడిదని ఎగతాళి చేద్దామనుకున్నాం. తమిళ వాచకాన్ని పక్కన పెట్టుకుని చూసేసరికి అక్కడా 'ఒ'కు ఒంటెయే, ఒట్టగం. అంతేకాదు: అమ్మకు అమ్మా, ఈగకు ఈ, ఎలుకకు ఎలి, ఐదుకు ఐందు, ఓడకు ఓడం. ఆరు అచ్చులకు ఒకే బొమ్మ రెండు లిపులకూ సరిపోతుంది. బడిలో బిడ్డ ఇదివరకే ముడిపెట్టుకున్న బొమ్మకు, ధ్వనికి, తెలుగు గుర్తు ఒక్కటి జోడిస్తే చాలు. ఈ వరాన్ని ఏ ప్రచురణకర్తా వాడుకున్నట్టు మా కంటబడలేదు.

హల్లుల దగ్గర చిక్కు ఇంకా లోతైనది. తమిళ లిపిలో క, గలకు ఒకటే గుర్తు. ప, బలకూ అంతే. హోసూరు బిడ్డ నోట మాత్రం కంప వేరు, గంప వేరు. పాట వేరు, బాట వేరు. పొట్టు, బొట్టు వేరు. నోట్లో ఉన్న తేడా బడిలిపిలో లేదు, తెలుగు లిపిలో ఉంది. తెలుగు రాత ఈ బిడ్డకు కొత్తగా ఇవ్వగలిగినది ఇదే. కాబట్టి కంప, గంప ఎదురెదురు పుటల్లో ఉండాలి. మన పుస్తకాల్లో క తరువాత వచ్చేది ఖ, దానికి ఖడ్గం. బిడ్డ ఆ బొమ్మను చూసి 'కత్తి' అంటుంది. 'ఫలం' చూసి 'పండు' అంటుంది. మహాప్రాణపు పుటలో అల్పప్రాణమే పలుకుతుంది! 'ఝ'కు ఝషం అని చేపను వేసినవీ ఉన్నాయి. చేప బొమ్మ చూసి ఝషం అనే బిడ్డ ఏ తెలుగు ఊళ్లోనూ ఉండదు. 'ళ'కు తాళం వేస్తారు. ఈ సీమలో బీగం అనే మాట వాడే ఇంట ఆ బొమ్మ ళకారాన్ని పలికించదు. కళ్లు, నీళ్లు ఎవరికి తెలియవు?

యాభైఆరు అక్షరాల మాలను తుంచుతారా అని పెద్దలు అడగవచ్చు. తుంచమనడం లేదు, వరుస మార్చమంటున్నాం. నోట పలికేవి ముందు, పుస్తకంలో మాత్రమే కనబడేవి చివర. ఌ, ౡలు చాలా పుస్తకాల్లోంచి ఎవరూ అడగకుండానే జారిపోయాయి కదా. సవర పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు చేసినప్పుడు గిడుగు రామమూర్తి గారు (1863-1940) బయలుదేరింది ఆ పిల్లల నోటి మాట నుంచే. తెలుగు పిల్లలకు ఆ మాత్రం మర్యాద దక్కకపోవడం మాకు వింతగా తోస్తుంది. హోసూరు ప్రాంతపు రచయితలు తమ పలుకుబడిలో కథలు రాసి పుస్తకాలుగా తెచ్చారు; వాటిని చదవగల తరం తయారు కావాలంటే ఆ పలుకుబడిలోనే ఒక అక్షరమాల కూడా రావాలి. మన విద్యార్థుల్లో బొమ్మలు వేయగలిగినవారు ఈ పని తలకెత్తుకోవచ్చు.

అలా చేసేవారికి 'ఏ' పుట గురించి ఒక సూచన. తెలుగులో ఏడు, తమిళంలో ఏళు, కన్నడంలోనూ ఏళు. తమిళ బడిలో బిడ్డ ఆ అంకె పేరును 'ఏ'తోనే రాస్తుంది కాబట్టి యకారం బెడద ఉండదు. ఏనుగునూ వదులుకోనక్కరలేదు. తళి, డెంకణికోట అడవుల అంచు ఊళ్లలో రాగి కోతల కాలానికి బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు వస్తాయి. ఆ ఊళ్ల బిడ్డకు ఏనుగంటే అంబారీ మోసేదీ కాదు, సర్కసులో బంతి మీద కాలు పెట్టేదీ కాదు, పెద్దలు రాత్రంతా మేలుకుని చేల నుంచి తరిమేది. రాగి చేలో ఏడు ఏనుగులను వేయండి. బిడ్డ ముందు లెక్కపెడుతుంది.