పాలపిట్ట నేర్పే ఓర్పు

పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు ఓర్పంటే పిట్ట అలవాట్లను నేర్చుకోవడమే. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టనే చూడండి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు దూరానికి గోధుమరంగు పిట్టలాగే ఉంటుంది. రెక్కలు విప్పితేనే ముదురు, లేత నీలాల పట్టీలు బయటపడతాయి. గడ్డిలో మిడత కదిలితే నేలకు జారి, దాన్ని ముక్కున కరచుకుని చాలాసార్లు మళ్లీ అదే తీగ మీదికో, పక్క స్తంభం మీదికో చేరుతుంది. ఇది గమనించినవాళ్లు దాని వెంటపడరు. ఎండ తమ వీపు వైపు ఉండేలా దూరంగా కూర్చుని, అది తిరిగొచ్చే చోటికి ముందే ఫోకస్ పెట్టుకుంటారు. విచ్చుకున్న రెక్కలు ఫ్రేములో పడినప్పటి ఆనందంలో సగం, ఆ పిట్టను సరిగ్గా అర్థం చేసుకున్నామన్న తృప్తిదే.

సెకనుకు ఇరవై ఫొటోలు తీస్తూ, పక్షి కన్నును తానే వెతికి పట్టే కెమెరాలుండగా ఇంత ఓర్పు ఎందుకని కొందరు అడుగుతారు. ఎగిరే పిట్ట మసకబారకుండా దక్కుతోందంటే ఆ కెమెరాల చలవే. కానీ ఆత్రంగా నాలుగడుగులు ముందుకేస్తే ఎగిరిపోయే పిట్టను ఏ లెన్సూ వెనక్కి రప్పించలేదు. ఆ ఆత్రమే కొందరి చేత రికార్డు చేసిన కూతలు వినిపింపజేస్తోంది, పొదల్లోని గూటి చుట్టూ ఆకులు తుంపిస్తోంది. కూత విన్న పిట్ట తన హద్దులోకి పోటీదారు వచ్చిందనుకుని మేత మాని వెతుకుతుంది. ఆకుల మరుగు పోయిన పిల్లలు ఎండకు మాడతాయి, కాకుల కంటబడతాయి.

గూటి ఫొటోలు చూస్తేనే జనానికి పక్షులపై ప్రేమ పుడుతుందన్న వాదన కూడా ఉంది. ఇంగ్లండులో 1895లో కియర్టన్ సోదరులు గూళ్ల ఫొటోలతో పుస్తకం తెచ్చినప్పుడు అది పాఠకులకు కొత్త లోకం చూపిన మాట నిజమే. అప్పట్లో కెమెరా ఏ కొందరి దగ్గరో ఉండేది. ఇప్పుడు గూటి జాడ ఒక్క వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, మర్నాటికి అక్కడ గుంపు చేరుతుంది. ప్రేమ పేరిట పిట్టకు హాని చేయడం మనకూ కొత్త కాదు. దసరా దర్శనం కోసం పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, వీధుల్లో చూపించి డబ్బు అడిగేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఈ దసరాకు పాలపిట్టను చూడాలనుంటే పొద్దున్నే ఊరి చివరి పొలాల వైపు వెళ్లండి. ఫొటో తీసే ముందు కాసేపు దాన్ని చూడండి. గూడు కనిపిస్తే మాత్రం కెమెరా దించేయండి, ఆ చోటు ఎవరికీ చెప్పకండి.