‘వెంట్’ చేసిన తప్పేమిటి?

పక్కింటి కుర్రాడి నోటుబుక్కు ఈ వారం నా కంటబడింది. ‘ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్’ అని రాశాడు. ఎర్రసిరాతో చుట్టేశారు. ఎందుకు తప్పో ఒక్క ముక్క లేదు. ఎర్రసిరాతో నా పేచీ ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. బట్టీతో ఉన్నది ఇంకా పాతది.

కుర్రాడి తర్కానికి వంక పెట్టలేం. జరిగిపోయిన సంగతి కాబట్టి ‘వెంట్’ పెట్టాడు. భూతకాలం ‘డిడ్’లోనే వచ్చేసిందని, అసలు క్రియను మామూలు రూపంలో వదిలేయాలని అతనికెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఇంగ్లీషు గ్రామరు పుస్తకం తెరవక్కర్లేదు. ‘వచ్చాడు’ అంటాం గానీ, ‘వచ్చాడు లేదు’ అంటామా? ‘రాలేదు’ అంటాం. ఇచ్చాడు, ఇవ్వలేదు. తెచ్చాడు, తేలేదు. ‘లేదు’ చేరగానే క్రియలోంచి భూతకాలం జారిపోతుంది. పైగా నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు. మనిషి మారినా మాట మారదు. ‘డిడ్ నాట్ కమ్’ కూడా అంతే! తెలుగు మాట వినబడితే ఇంగ్లీషు చెడిపోతుందని హడలిపోయే బడుల్లో ఈ సంగతి పిల్లల దాకా ఎలా వస్తుంది?

మా తెలుగు మీడియం బడిలో భోజనాల తర్వాత ఇంగ్లీషు పీరియడు. వీ వన్, వీ టూ, వీ త్రీ. గో వెంట్ గాన్, కమ్ కేమ్ కమ్ అంటూ మాస్టారు అందుకునేవారు, మేం అరిచేవాళ్ళం. ‘కట్ కట్ కట్, పుట్ పుట్ పుట్’ దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీ రైలు నడిపేది. ‘రీడ్ రెడ్ రెడ్’ని మూడుసార్లూ ఒకే స్పెల్లింగుతో బోర్డు మీద రాసి, మా మొహాలు చూసి మాస్టారు మురిసిపోయేవారు. అర్థం ఎవరడిగారు? ‘వాకెడ్, టాకెడ్’ కూడా ఆ ఊపులోనే పోయాయి. అక్కడ వినబడేది ‘ట్’ మాత్రమేనని, ‘ఎడ్’ని విడిగా పలికేది ‘వాంటెడ్’ లాంటి వాటిలోనేనని ఆ గోలలో చెప్పేదెవరు?

బట్టీని నాలుగు తిట్టి ముగించాలనే కూర్చున్నాను. తీరా చూస్తే ఇంగ్లీషువాళ్ళు అందరికంటే ఎక్కువగా వాడే 10 క్రియలు, బీ, హావ్, డూ, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్, పదికి పదీ ‘ఎడ్’కు లొంగనివే. రోజూ నోట్లో నానుతున్నాయి కాబట్టే పాత రూపాలు నిలబెట్టుకున్నాయి. ‘వెంట్’ అయితే ‘గో’ కన్నబిడ్డ కూడా కాదు. ‘వెండ్’ అనే వేరే క్రియ నుంచి దత్తత వచ్చింది. దాన్ని ఏ సూత్రంతో రాబడతాం? ఇంగ్లండులో పిల్లలు ఇంట్లో విని విని పట్టుకుంటారు. మన పిల్లాడికి ఇంట్లో ఆ వినికిడి లేదు. క్లాసంతా కలిసి అరిచే ఆ పాటే వాడికి దిక్కు.

కాబట్టి నా ఓటు మాస్టారి పట్టికకే. టీచర్లకు ఒక్క మనవి: గో వెంట్ గాన్ గట్టిగానే వల్లె వేయించండి. ‘డిడ్’ దగ్గర మాత్రం ఓ నిమిషం ఆగి, పిల్లల చేత ‘రాలేదు’ అనిపించండి.