‘గోపల్ల గ్రామం’లో పరాయివారెవరు?

కి. రాజనారాయణన్ పేరు ఎత్తగానే మన సభల్లో వినవచ్చే మొదటి మాట ‘ఆయన మనవాడే కదా’ అన్నది. మాట నిజమే. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామంలో, ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో ఆయన పుట్టారు. ఏడో తరగతితో బడి చాలించారు. తమిళులు కరిసల్ అనే నల్లరేగడి సీమ పలుకుబడిని తమిళ వచనంలోకి తెచ్చారు. ఆ మాటలకు నిఘంటువు కూర్చారు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్నారు. 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశారు. ఇన్నింటిలో మనవాళ్ళు గట్టిగా పట్టుకొనేది మాత్రం ఆ పుట్టుకనే.

మేమూ అలాగే పట్టుకొన్నాం. 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ నవలను మేము మొదటిసారి చదివింది కథ కోసం కాదు. పెన్సిలు చేతబట్టుకొని, తెలుగు మాట కనిపించిన చోటల్లా కింద గీత గీసుకొంటూ చదివాం. భాషాశాస్త్రం చదివినవారికి ఉండే జబ్బు ఇది. ఆ ప్రతి ఇప్పటికీ మా దగ్గర ఉంది. అంచుల నిండా ధాతువులు, ప్రత్యయాలు, ‘ఇది దక్షిణ మాండలికం’, ‘ఇది తమిళం నుంచి ఎరువు’ వంటి రాతలే. మంగతాయారు అవ్వ గురించి ఒక్క ముక్క లేదు. మన పలుకు పరాయి లిపిలో బతికి ఉన్నదన్న సంతోషమే తప్ప ఆ పలుకు ఏం చెబుతున్నదన్న ధ్యాస మాకు లేకపోయింది.

ఆ ధ్యాస రావటానికి కారణమైన సంగతి చిన్నదే. కోస్తాలో ఒక సదస్సులో మేము పత్రం చదివి దిగాక, ఒక పెద్దాయన ఆప్యాయంగానే భుజం తట్టి, ‘అరవదేశంలో ఉండి కూడా తెలుగు బాగానే మాట్లాడుతున్నారండీ’ అన్నారు. నాలుగు వందల ఏళ్ళుగా మా ఇళ్ళలో మాట్లాడుతున్న భాషకు ఆయన మార్కులు వేశారు. అటు మేముండే ఊరిలో ఏదైనా తగవు వస్తే ‘వడుగన్’ అన్న మాట వినబడటం కొత్త కాదు. రెండు చోట్లా మేము వచ్చినవారమే. ఇంటికి వచ్చాక ఆ నవలను మళ్ళీ తీశాం, ఈసారి పెన్సిలు లేకుండా.

ఆ చదువు సంగతి చెప్పేముందు ఈ పేర్ల గురించి కొంత చెప్పవలసి ఉంది. వడుగు అంటే తమిళంలో ఉత్తరం, ఆపైన తెలుగు. సంగ సాహిత్యంలోనే వడుగర్ కనిపిస్తారు. కొన్ని పాటల్లో వారు వేటకుక్కలను వెంటబెట్టుకొని తిరిగే మోటువారు, అర్థంకాని మాటవారు. దిక్కు పేరు జాతి పేరై, జాతి పేరు ఎత్తిపొడుపైంది. ఇటీవలి రాజకీయాలలో ‘వందేరి’ అనే మాట దీనికి తోడైంది. వచ్చి ఎక్కి కూర్చున్నవాడు అని దాని భావం. మనవైపు చూస్తే ‘అరవ’. అరువానాడు అనే సీమ పేరునుంచి వచ్చిందని పండితుల ఊహ. అది మరచి ‘రవము’ అనే మాటతో ముడిపెట్టి, గోల చేసేవారని ఒకరు, స్వరం లేనివారని మరొకరు జనవ్యుత్పత్తి చెబుతారు. తెలుగు తేట, కన్నడం కస్తూరి, అరవం అధ్వాన్నం అన్న సామెతను బడిలో నవ్వుతూ నేర్చుకొన్న తరం మాది. అరవదేశంలో కూర్చొని నేర్చుకొన్నాం. అప్పుడు అది ఎవరికి తగులుతుందో ఆలోచించలేదు.

నవలకు వద్దాం. గోపల్ల గ్రామంలో కోట్టైయార్ ఇల్లు పెద్ద ఇల్లు. నూరేళ్ళు ఎప్పుడో దాటిన మంగతాయారు అవ్వ ఆ ఇంట్లో తమవారి వలస కథ చెబుతుంది. చెన్నాదేవి అనే చక్కని పిల్ల, ఆమె అందం విని కోరిన తురక రాజు, పరువు కోసం రాత్రికి రాత్రి ఊరు విడిచిన కుటుంబాలు, దారిలో ఆపదలు, దైవసహాయాలు, చివరకు దక్షిణాన నల్లరేగడి నేల. అడవిని తగలబెట్టి పొలం చేసుకొంటారు. ఊరు కడతారు. కిరా చెప్పే తీరులో బలం ఉంది. అవ్వ మాట్లాడుతుంటే పుస్తకం చదువుతున్నట్టుండదు, అరుగు మీద కూర్చొని వింటున్నట్టు ఉంటుంది. తమిళ వచనానికి ఆయన చేసిన ఈ మేలును తమిళ విమర్శకులు చాలా చెప్పారు, మేము మళ్ళీ చెప్పం.

మాకు రెండోసారి గుచ్చుకొన్నది ఆ తురక రాజు. ఆ రాజు కథలో మనిషిగా ఉండడు. కావలసినది ఒక పిల్ల, ఆ కోరికే అతడి గుణమంతా. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలో తొట్టియర్‌ల గురించి ఇదే తీరు కథ ఉంది: మహమ్మదీయులకు జడిసి పారిపోతుంటే దాటరాని ఏటి మీద కానుగ చెట్టు దారి ఇచ్చిందట. ఇటువంటి గాథల్లో పిల్ల పేరు మారుతుంది, ఏరు మారుతుంది, చెట్టు మారుతుంది. రాజు మాత్రం మారడు. కాబట్టి ఇది ఒక కుటుంబం జ్ఞాపకం కాదు, వలస వచ్చినవారు పంచుకొన్న అచ్చు. పరాయివాడంటే ఇలా ఉంటాడన్న మూసను మనవాళ్ళు మూటలో కట్టుకొని వచ్చారు. తమను అదే విధంగా మూసలో పోసే చోటికి వచ్చారు.

చరిత్ర ఈ గాథకు పూర్తిగా ఒత్తాసు పలకదు. పధ్నాలుగో శతాబ్దంలో కుమార కంపన మధురను జయించి అక్కడి సుల్తానుల ఏలుబడిని కూలదోసిన తరువాత, ముఖ్యంగా 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో కుదురుకొన్నాక, తెలుగు దండులు, వాటి వెంట రైతులు, వృత్తులవారు దక్షిణానికి దిగారు. డెబ్బైరెండు పాళెయాలు అని లోకం చెప్పుకొనే ఏర్పాటులో చాలా పాళెయాలు తెలుగువారివే. పారిపోయి వచ్చినవారూ ఉండి ఉండవచ్చు. గెలిచిన దండు నీడలో వచ్చినవారు తక్కువేమీ కాదు. అయినా మన ఇళ్ళలో నిలిచింది పారిపోయిన కథే. గెలిచి వచ్చామంటే నేల ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. తరిమితే వచ్చామంటే ఆ ప్రశ్న అడిగేవాడే క్రూరుడిలా కనిపిస్తాడు. అడవి కాల్చిన ఘట్టాన్ని కిరా అద్భుతంగా రాశారు. ఆ అడవిలో అంతకుముందు ఎవరు తిరిగేవారో నవల మాకు తృప్తి కలిగేంతగా అడగలేదని మా అభిప్రాయం.

అడగకపోయినా, కథ తనంతట తాను ఆ ప్రశ్నను బయటపెట్టే చోటు ఒకటి ఉంది. ఒంటరిగా పోతున్న ఒక స్త్రీని నగల కోసం చంపిన దొంగ గోపల్లవారికి పట్టుబడతాడు. ఊరి పెద్దలు విచారిస్తారు, కొరత వేయిస్తారు. మొదటిసారి ఈ భాగాన్ని మేము ‘కొరత’ మాట కోసం చూశాం. రెండోసారి చూసింది కూర్చున్నవారిని. ఒక రాజు బలానికి జడిసి వచ్చామని చెప్పుకొన్న ఇల్లు ఇప్పుడు ప్రాణం తీసే తీర్పు చెప్పగల ఇల్లయింది. అక్కడ అపరిచితుడు ఆ దొంగ. నేరం నిజమైనదే, అందులో అనుమానం లేదు. కాని గోపల్లవారు వచ్చినవారి వరుస విడిచి, వచ్చినవాడిని నిలదీసేవారి వరుసలోకి మారిన క్షణం అదేనని మాకు తోస్తుంది. రచయిత దీన్ని ఎత్తి చూపడు. పక్కపక్కన పెట్టి ఊరుకొంటాడు. ఆపైన కుంపిణీ వారు వస్తారు, తీర్పు అధికారం మరొకరి చేతికి పోతుంది. ఆ కొత్తవారిని ఊరు చూసే చూపులో భయం కన్నా వింత ఎక్కువ. పరాయితనం ఎవరి ఒంటికీ అతుక్కుపోయేది కాదని, చేతులు మారే అధికారాన్ని బట్టి అదీ మారుతుందని ఈ వరుసక్రమం చెబుతుంది. ఉపన్యాసంగా చెప్పి ఉంటే మేము నమ్మేవారం కామేమో.

ఇడైసేవల్ చుట్టుపక్కల చరిత్రే దీనికి సాక్ష్యం. పాంచాలంకురిచి కట్టబొమ్మన్‌ను ఆంగ్లేయులు 1799 అక్టోబరులో ఉరితీసిన కయత్తారు కోవిల్‌పట్టికి ఎంతో దూరం కాదు. ఎట్టయపురమూ దగ్గరే. కట్టబొమ్మన్ తెలుగు మాట్లాడే పాళెగారు. ఎట్టయపురం పాళెగార్లూ అంతే. తమిళంలో మొదటి పేరు వీరుడికి మారుపేరు, రెండోదైన ‘ఎట్టప్పన్’ ద్రోహికి మారుపేరు. 1959లో వచ్చిన సినిమా చూసి చప్పట్లు కొట్టిన తమిళ ప్రేక్షకుడికి ఈ ఇద్దరి ఇంటి భాష గుర్తు రాదు, రానక్కరలేదు. వీరత్వానికి, ద్రోహానికి కావలసినప్పుడు వారు తమిళులు. ఎన్నికల వేళ వారి కులంవాడే వందేరి. నిజానికి ఈ మరుపులో కొంత మేలు ఉంది. చిక్కల్లా గుర్తు చేసుకొనే సమయాన్ని ఎవరు ఎన్నుకొంటారన్న దానిలోనే.

ఇక్కడ అదే ఊరి మరో రచయితను తలచుకోకపోతే మాట అసంపూర్తి అవుతుంది. కు. అళగిరిసామి 1923లో ఇడైసేవల్‌లోనే పుట్టారు. ఆయన ఇంటి భాషా తెలుగే. కిరాకు బాల్యస్నేహితులు. 1970లో చనిపోయారు, ‘అన్బళిప్పు’ సంపుటికి ఆ ఏడాది అకాడమీ బహుమతి మరణానంతరం వచ్చింది. వలస, తెగ, తురక రాజు ఏవీ ఆయన కథల్లో ఎజెండాగా ఉండవు. కాని పరాయితనం గురించి ఆయనంత సూక్ష్మంగా రాసినవారు తక్కువ. ‘అన్బళిప్పు’ కథలో పిల్లలందరి మీదా ప్రేమ ఉన్న పెద్దమనిషి కానుకలిచ్చేటప్పుడు ఒక పిల్లవాడిని తలచుకోడు. ఆ పిల్లవాడు ఏడవడు, తానే ఒక డైరీ తెచ్చి, ప్రేమతో ఇచ్చిన కానుక అని దాని మీద రాసివ్వమంటాడు. ఎవరూ గెంటలేదు, ఎవరూ తిట్టలేదు. లెక్కలోకి రాలేదు, అంతే. సదస్సులో మా భుజం తట్టిన పెద్దాయన కూడా చెడ్డవాడు కాడు. ‘రాజా వందిరుక్కిరార్’ కథలో పండుగ ముందు రోజు ఒంటినిండా పుళ్ళతో వచ్చిన అనాథను పేద తల్లి ఇంట్లోకి తీసుకొంటుంది. వాడి పేరు రాజా. చెన్నాదేవి కథలో రాజు వస్తే ఊరే కదిలిపోయింది. ఇక్కడ రాజా వస్తే ఇల్లు నిలిచింది. ఒకే ఊరి స్నేహితులిద్దరు రాసిన ఈ రెండు రాజుల కథలను జతచేసి చదవమని మా విద్యార్థులకు చెబుతుంటాం. రెండింటిలో మా మనసు రెండోదానికే మొగ్గుతుందన్న సంగతి దాచలేం.

ఇక ‘గోపల్ల గ్రామం’ తెలుగు చేయటంలోని చిక్కు. పీఠం తరగతిలో కొన్ని అధ్యాయాలను అభ్యాసంగా తెలుగు చేయించినప్పుడు ఇది బాగా తెలిసింది. మొదటి చిక్కు పేరులోనే ఉంది. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం, ప, బలకు ఒకే అక్షరం. తమిళ ఉచ్చారణ సూత్రాన్ని బట్టి చదివేవాడికి అది ‘కోబల్ల’. తెలుగు తెలిసినవాడికి ‘గోపల్ల’. ఊరి పేరు పలకటంతోనే లోపలివాడో బయటివాడో తేలిపోతుంది. తెలుగులో రాసేటప్పుడు ఆ తేడా మిగలదు. తమిళ పుస్తకంలో తెలుగు మాట పంటికింద రాయిలా తగిలి, వీళ్ళు వేరేవాళ్ళు సుమా అని పాఠకుడికి గుర్తు చేస్తుంది. తెలుగు పుస్తకంలో అదే మాట పక్క మాటల్లో కలిసిపోతుంది. గోపల్లవారి పరాయితనమే అనువాదంలో మాయమవుతుంది. అందుకే కథనాన్ని పత్రికల తెలుగులో కాక కోవిల్‌పట్టి వైపు ఇళ్ళ తెలుగులో పెట్టమన్నాం. అప్పుడు తెలుగు పాఠకుడికి కూడా కొంచెం తగులుతుంది. ఇది ఎక్కడి తెలుగు అని అతడూ ఒకసారి ఆగాలి. ఒక విషయంలో మాత్రం మన భాష అదృష్టవంతురాలు. తమిళానికి ఉన్నట్టే తెలుగుకూ ‘మేము’, ‘మనం’ రెండూ ఉన్నాయి. అవ్వ కథ చెబుతూ ఏ చోట వినేవారిని కలుపుకొంటుందో, ఏ చోట విడిచిపెడుతుందో ఇంగ్లీషు అనువాదంలో తెలియదు, తెలుగులో తెలుస్తుంది.

తరగతిలో పెద్ద వాదం జరిగింది మాత్రం ‘తురక’ మాట మీద. ఒక విద్యార్థిని ఆ మాట తీసి ‘సుల్తాను’ అని రాసింది. నేటి చదువరికి నొప్పి కలగకూడదని ఆమె ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. ఇంకొకడు ‘ఉత్తరాది రాజు’ అన్నాడు. మేము ఒప్పుకోలేదు. సుల్తాను అంటే అవ్వ నోటికి లేని మర్యాద వస్తుంది. ఉత్తరాది రాజు అంటే ఆమె తప్పు చెరిగిపోతుంది, పైగా ఆమే ఉత్తరం నుంచి వచ్చిన మనిషాయె. ఆ మాటను మంగతాయారు నోట ఉన్నది ఉన్నట్టే ఉంచి, అదే అధ్యాయంలో గోపల్లవారిని ఇతరులు ‘వడుగర్’ అనే చోటు ఉంటే దానిని ‘తెలుగువారు’ అని మార్చకుండా ‘వడుగులు’ అనే రాయాలని పట్టుబట్టాం. ఆ విద్యార్థిని రెండో దానికి వెంటనే ఒప్పుకొంది. మొదటి దానికి ఇంకా ఒప్పుకోలేదు. ఆమె ప్రతిలో ఆ చోట ప్రస్తుతానికి ఖాళీ ఉంది.