వేడెక్కితే ఆగే బండి

ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లి వెళ్లే దారిలో తల్లాడ ఉంటుంది. కొత్తగూడెం రోడ్డు చీలేదీ ఇక్కడే. అటునుంచి భద్రాచలం అడవి దారి పట్టబోయే కారు మాటిమాటికీ ఆగిపోతుంటే, ఊళ్లోనే మెకానిక్‌కి చూపించుకోవడం మేలు.

మంచి మెకానిక్ ముందు పానా పట్టడు. "ఎప్పుడాగుతోందన్నా? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?" అని అడుగుతాడు. సగం రోగం ఆ జవాబులోనే దొరుకుతుంది.

సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగితే చూపు థ్రాటిల్ బాడీ మీదికి పోతుంది. గొట్టం విప్పి, లోపలి రేకును గుడ్డతో తుడుస్తాడు. గుడ్డకు కాటుకలా మసి అంటుతుంది. ఆ పొర వల్లే ఐడ్లింగ్‌కు కావాల్సిన కాస్త గాలీ అందదు. ఎత్తు ఎక్కేటప్పుడు గుంజుకుంటూ ఆగితే పెట్రోల్ ఫిల్టర్‌నో, పంపునో అనుమానించాలి.

అన్నిటికన్నా మొండిది క్రాంక్ సెన్సర్. వేడికి దాని సిగ్నల్ తెగితే ఇంజన్ చప్పున ఆగుతుంది. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. అందుకే అనుభవజ్ఞుడు బండిని కావాలని వేడెక్కించి, ఆగిన క్షణంలోనే పరీక్షిస్తాడు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

1983లో వచ్చిన మారుతి 800కు కార్బురేటర్ ఉండేది. స్క్రూ తిప్పుతూ చెవితోనే సరిచేసేవారు. ఇప్పుడు స్కానర్ కోడ్ చూపిస్తుంది. కానీ తప్పు సెన్సర్‌దా, తెగిన వైరుదా అన్నది మనిషే తేల్చాలి.

చివరికి ఏసీ వేసి, హెడ్‌లైట్లు వెలిగించి, ఇంజన్ వణక్కుండా నిలిచాకే అతను బానెట్ దించుతాడు.